తాళం గట్టిదే, చెవే ఊహకందింది

ఎన్‌క్రిప్షన్, అంటే సమాచారాన్ని రహస్య లిపిలోకి మార్చే పద్ధతి, బద్దలైందనే వార్త రాగానే లెక్కల్లో ఏదో లొసుగు దొరికిందనుకుంటాం. చాలాసార్లు ఆ లెక్కల జోలికి ఎవరూ పోరు. కీ, అంటే తాళంచెవిలా పనిచేసే రహస్య సంఖ్య, పుట్టిన చోటే పని అయిపోతుంది. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్ తన రహస్య కీని గడియారం సమయం, ప్రాసెస్ నంబర్ల (నడుస్తున్న ప్రోగ్రామ్‌లకు కంప్యూటర్ ఇచ్చే నంబర్లు) నుంచి తయారుచేసుకునేదని ఇద్దరు బర్క్‌లీ విద్యార్థులు బయటపెట్టారు. సమయం ఎవరికి తెలియదు?

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉదంతం ఇంకా విచిత్రం. 2006లో, ఎన్‌క్రిప్షన్ పనులు చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో రెండు వరుసలపై ఒక తనిఖీ పరికరం హెచ్చరికలు ఇస్తుంటే, డెబియన్‌లో దాని ప్యాకేజీ చూసే డెవలపర్ ఆ వరుసలను తీసేశారు. తీసేముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లను అడిగారు కూడా, గట్టిగా వద్దన్నవారు లేరు. కానీ యాదృచ్ఛికత అంతా లోపలికి వెళ్లే దారి ఆ వరుసల్లోనే ఉంది. ఇక మిగిలింది ప్రాసెస్ నంబరు, అంటే దాదాపు 32,768 అవకాశాలు. దూరపు యంత్రాలకు సురక్షితంగా కనెక్ట్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్, ఓపెన్‌వీపీఎన్ కోసం అక్కడ తయారైన కీలన్నీ ముందే జాబితా రాసి పెట్టుకోగలిగేవైపోయాయి. 2008 మే దాకా ఎవరూ కనిపెట్టలేదు.

ఎందుకు కనిపెట్టలేదన్నదే అసలు ప్రశ్న. కనెక్షన్ కుదురుతుంది, డేటా గజిబిజిగానే కనిపిస్తుంది, పరీక్షలన్నీ పాసవుతాయి. ఒక్క యంత్రాన్ని ఎంత తరచి చూసినా లోపం దొరకదు, వేల యంత్రాలను పక్కపక్కన పెడితేనే బయటపడుతుంది. 2012లో పరిశోధకులు చేసింది అదే. ఇంటర్నెట్ అంతటి నుంచీ ఆర్‌ఎస్‌ఏ పద్ధతి పబ్లిక్ కీలు (రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధంతో తయారై, అందరికీ కనిపించేవి) సేకరించి, వాటి మధ్య గ.సా.భా. కట్టారు. అవును, బడిలో నేర్చుకున్న గ.సా.భా.నే! రెండు పరికరాలు ఒకే ప్రధాన సంఖ్యను వాడితే రెండింటి రహస్యమూ చేతికొస్తుంది. అలా సుమారు 0.5 శాతం టీఎల్‌ఎస్ (వెబ్ కనెక్షన్లను రహస్యంగా ఉంచే పద్ధతి) సర్వర్ల ప్రైవేట్ కీలు, అంటే దాచి ఉంచాల్సినవి, దొరికాయి. వాటిలో ఎక్కువ రౌటర్లు, ఫైర్‌వాల్‌ల వంటివే. పెట్టెలోంచి తీసి ఆన్ చేయగానే, యాదృచ్ఛికత ఇంకా పోగుకాకముందే కీ తయారుచేసుకున్నాయి.

అయినా భద్రతా ఆడిట్లు ఇప్పటికీ కీ ఎన్ని బిట్లని అడుగుతాయే తప్ప, ఆ బిట్లు ఎక్కడి నుంచి వచ్చాయని అడగడం అరుదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చేదాన్ని కాదని యాదృచ్ఛిక సంఖ్యల సొంత జనరేటర్ రాసుకున్న కోడ్‌ను నేనైతే మొదటే అనుమానిస్తాను.

2024లో, సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యే పుట్టీ ప్రోగ్రామ్ వంతు వచ్చింది. దాని ఒక రకం కీలతో (పీ-521) డిజిటల్ సంతకం చేసేటప్పుడు, 521 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య కావలసిన చోట 512 బిట్ల హాష్ (డేటా నుంచి లెక్కగట్టే స్థిర పొడవు సంఖ్య) వాడటంతో, ప్రతి సంతకానికీ వాడే ఆ రహస్య సంఖ్యలో మొదటి 9 బిట్లు సున్నాలే. ఓ 60 సంతకాలు చేతిలో ఉంటే ప్రైవేట్ కీ రాబట్టవచ్చు. 0.81 వెర్షన్‌లో సరిచేశారు. కానీ అప్‌డేట్ చేసుకుంటే పాత కీ బాగుపడదు. అది ఎక్కిన ప్రతి సర్వర్ నుంచీ చేత్తో తీసేయాల్సిందే.