హోదాకు తగిన రేడియేషన్

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కనున్న మా సంస్థకు ఉద్యోగుల ఆరోగ్యం పట్టదని ఆడిపోసుకునేవారు గత నెలలో జరిగిన రూటర్ తరలింపు మహోత్సవాన్ని కళ్లారా చూసి ఉండవలసింది. మేనేజరుగారికి రోజూ మధ్యాహ్నం మూడింటికల్లా తల బరువెక్కుతోందనీ, అందుకు ఆయన గది గోడకున్న వైఫై రూటరే కారణమనీ ముగ్గురు సభ్యుల కమిటీ తేల్చింది. రెండింటికి ఆయన చేసే భోజనం కమిటీ పరిధిలోకి రాదు. పదోవంతు వాటు శక్తిని వెదజల్లే ఆ పెట్టెను సగౌరవంగా ఊడదీసి, అటెండరు కూర్చునే స్టూలుకు పైన, అతని నడినెత్తికి జానెడు ఎత్తున బిగించారు.

కమిటీ శాస్త్రాధారం లేకుండా మాట్లాడలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను 2011లో ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చిన మాట నిజం. ఆసియా పద్ధతిలో ఊరవేసిన కూరగాయలూ అదే వర్గంలో ఉన్నాయి గనుక క్యాంటీన్లోని ఊరగాయ జాడీనీ తరలించాలని నేను ప్రతిపాదించాను. (ఆ ఊరవేత చైనా వైపుదని నాకు తెలుసు, కమిటీకి తెలియనక్కరలేదు.) ప్రతిపాదన వీగిపోయింది.

ఇక వెనక షెడ్డు సంగతి. అక్కడి కాంట్రాక్టు వెల్డరు కేబులును కండువాలా భుజాన వేసుకుని, మెడకు ఆనించుకుని పనిచేస్తాడు. ఎందుకని అడిగితే, “కిందేస్తే రవ్వలు పడి కాలిపోతాది సార్, మళ్లా దాని డబ్బులు నా కూలీలో పట్టుకుంటారు” అన్నాడు. 150 ఆంపియర్లు పారే ఒంటి తీగకు అయిదు సెంటీమీటర్ల దూరంలో అయస్కాంత క్షేత్రం సుమారు 600 మైక్రోటెస్లాలు ఉంటుంది. మన 50 హెర్ట్జ్ కరెంటుకు అంతర్జాతీయ మార్గదర్శకాలు 2010లో పెట్టిన హద్దు సామాన్య ప్రజలకు 200, కార్మికులకు 1000. కార్మికుడికి అయిదింతలు ఎందుకంటే, తాను ఎలాంటి క్షేత్రంలో పనిచేస్తున్నాడో అతనికి తెలుసనీ, తగిన శిక్షణ పొందాడనీ ఆ మార్గదర్శకాల నమ్మకం. మావాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు కనుక అతణ్ణి ఏ లెక్కన కట్టాలో తేలక, కమిటీ అతణ్ణి ఏ లెక్కలోనూ కట్టలేదు.

అదే షెడ్డులో, వెల్డింగు మిషను పక్కనే, ఫ్యాను గాలి బాగా తగిలే చోట పేస్‌మేకరు పెట్టించుకున్న వాచ్‌మన్ తాత కుర్చీ ఉంది. బలమైన క్షేత్రం ఆ యంత్రం లయను తప్పించగలదని గుండె వైద్యులు చెబుతారు. కరెంటును తీసుకెళ్లే హోల్డరు కేబులునూ, దాన్ని తిరిగి తెచ్చే ఎర్తు కేబులునూ పక్కపక్కనే జతగా పరిస్తే రెండింటి క్షేత్రాలూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తీగను భుజం మీంచి దించి, తాత కుర్చీని ఆ మూలకు జరిపితే సరిపోతుంది. అయితే ఈ సలహాకు కొటేషన్లు లేవు, బిల్లు లేదు, ప్రారంభోత్సవానికి వీలు లేదు. అటువంటి దాన్ని కమిటీ ఎలా ఆమోదిస్తుంది?

ఆమోదించినది మరొకటి. ఎదురు మేడ మీది సెల్ టవరు నుంచి మేనేజరుగారిని కాపాడేందుకు కిటికీలకు సన్నకన్నుల ఇనుప జాలీ వేయించారు. దాని చట్రాలను మా వెల్డరే రెండు రోజులు, కేబులు మెడన వేసుకుని, అతికాడు. జాలీ బిగించాక గదిలో సిగ్నలు అందక ఫోను ఇంకా గట్టిగా అరవవలసి వస్తోంది. అంటే చెవి దగ్గర అది ఇదివరకటికన్నా ఎక్కువ శక్తిని వాడుతోంది. రూటరును మళ్లీ లోపలికి తెచ్చే విషయమై కమిటీ వచ్చే సోమవారం సమావేశమవుతోంది.