బారసాల నాటి ఎర్ర చుక్క

రాజోలు దగ్గర మా తమ్ముడి ఇంట్లో మా మేనకోడలి కూతురికి బారసాల. 21వ రోజు. ఉయ్యాలలో వేసే ముందు పాపని ఒళ్లోకి తీసుకుంటే కుడి కన్ను పైరెప్ప మీద చిన్న ఎర్ర చుక్క కనిపించింది. గురివింద గింజలో సగం కూడా ఉండదు. "పుట్టినప్పుడు లేదత్తా. వారం కిందట చూసి దోమ కుట్టిందేమో అనుకున్నాను" అంది మా మేనకోడలు. పక్కనున్న పెద్దావిడ "ఆయ్, పుట్టుమచ్చేనండి. ఆడపిల్లకి కంటి దగ్గర మచ్చుంటే మహర్జాతకం" అంది. అందరం సంతోషించాం. నేనూ ఆ మాటే మనసులో పెట్టుకుని, నేనుండే విదేశానికి విమానం ఎక్కేశాను.

ఆరో వారం టీకాకి తీసుకెళ్లేసరికి ఆ చుక్క ఉబ్బి శనగగింజంత అయింది. అక్కడ చూసిన డాక్టరు గారు "ఐదేళ్లకి అదే పోతుంది, ఏమీ చెయ్యక్కర్లేదు" అని పంపేశారు. తొమ్మిదో వారంలో వీడియో కాల్‌లో చూస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రెప్ప బరువెక్కి కన్ను సగమే తెరుచుకుంటోంది. ఇక్కడ మా అమ్మాయి స్నేహితురాలు పిల్లల డాక్టరు. తనకి చూపిస్తే "ఆంటీ, వచ్చే నెల దాకా ఆగద్దు. ఈ వారమే చూపించమనండి" అంది. మర్నాడే కాకినాడ వెళ్లారు.

"అదే పోతుంది" అన్న మాట అబద్ధం కాదు. చాలామంది పిల్లల్లో నిజంగానే పోతుంది. కానీ ఎక్కడ ఉందో, ఎంత వేగంగా పెరుగుతోందో చూడకుండా ఆ మాట అనకూడదు. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

దీన్ని స్ట్రాబెర్రీ మచ్చ అంటారు. వైద్యంలో పేరు ఇన్‌ఫంటైల్ హెమాంజియోమా. రక్తనాళాల లోపలి పొర కణాలు అవసరానికి మించి పెరిగి చిన్న గడ్డలా అవుతాయి. క్యాన్సర్ కాదు. నూటికి నలుగురైదుగురు పసిపిల్లలకి వస్తుంది. ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో, బరువు తక్కువ ఉన్నవాళ్లలో ఎక్కువ. పుట్టిన రోజున అసలు ఉండదు, లేదంటే పాలిపోయిన మరకలా ఉంటుంది. మొదటి నెలలో బయటపడుతుంది. ఐదో వారం నుంచి ఏడో వారం దాకా పరుగు పెడుతుంది. మూడు నెలలు నిండేసరికి ఎంత పెరగాలో అందులో దాదాపు 80 శాతం పెరిగిపోతుంది. ఏడాది నుంచి మెల్లగా తగ్గుతూ, చాలామందిలో నాలుగేళ్లకల్లా తగ్గాల్సినంతా తగ్గుతుంది. అయితే రంగు పోయినంత మాత్రాన చర్మం మునుపటిలా అయిపోతుందని కాదు. కొందరికి అక్కడ సాగిన చర్మం, సన్నటి ఎర్ర గీతలు మిగిలిపోతాయి. చర్మం లోపలి పొరల్లో పెరిగేది ఎర్రగా కూడా ఉండదు. నేరేడు రంగు వాపులా కనిపిస్తుంది. మన పిల్లల చర్మపు రంగులో దాన్ని గుర్తుపట్టడం ఇంకా కష్టం.

వీపు మీదో తొడ మీదో చిన్నగా ఉంటే కంగారు అక్కర్లేదు, డాక్టరు చూసి గమనిస్తూ ఉంటే చాలు. కన్ను చుట్టూ ఉంటే సంగతి వేరు. మొదటి నెలల్లోనే మెదడు ఆ కంటితో చూడటం నేర్చుకుంటుంది. రెప్ప అడ్డుపడినా, గడ్డ కనుగుడ్డును నొక్కినా చూపు మందగించవచ్చు, తర్వాత గడ్డ కరిగిపోయినా పోయిన చూపు తేలిగ్గా రాదు. ముక్కు కొన, పెదవి మీద ఉంటే ముఖం తీరు మారిపోవచ్చు. గడ్డం కింద, దవడ చుట్టూ పరుచుకుంటే లోపల శ్వాసనాళంలో కూడా ఉండే అవకాశం ఉంది. పాప గొంతు బొంగురుపోయినా, ఊపిరి తీసేటప్పుడు చప్పుడు వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. లంగోటీ కట్టేచోట ఉంటే పుండు పడి విపరీతంగా నొప్పి పెట్టవచ్చు. ఒంటి మీద ఐదు, అంతకన్నా ఎక్కువ ఉంటే కాలేయానికి స్కానింగ్ చేయిస్తారు. ముఖం మీద పెద్ద పట్టీలా ఉన్నా, నడుం కింద వెన్ను మీద ఉన్నా లోపల కూడా పరీక్షించాలి.

దీనికి మందుంది. అది కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. ప్రొప్రనొలాల్. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు బీపీకి, గుండెదడకి, మైగ్రేన్‌కి వేసుకునే మాత్ర. 1960లలో దాన్ని తయారుచేసిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ వచ్చింది. ఈ మచ్చ మీద అది పనిచేస్తుందని మాత్రం అనుకోకుండా తెలిసింది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ముక్కు మీద ఇలాంటి గడ్డ ఉన్న పిల్లాడికి స్టెరాయిడ్లు ఇస్తుంటే గుండె కండరం మందమైంది. గుండె కోసం ప్రొప్రనొలాల్ ఇచ్చారు. మర్నాటికే ముక్కు మీది గడ్డ మెత్తబడి, రంగు మారింది. డాక్టర్ క్రిస్టీన్ లెయోతే-లబ్రేజ్ బృందం 2008లో ఆ సంగతి ప్రకటించింది. 2015లో వచ్చిన పెద్ద పరీక్షలో ఆరు నెలలు ఈ మందు వాడిన పిల్లల్లో 60 శాతం మందికి గడ్డ పూర్తిగానో దాదాపు పూర్తిగానో పోయింది. పోలిక కోసం ఇచ్చిన ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో అది 4 శాతమే. చిన్నగా, పల్చగా ఉన్నవాటికి టిమొలాల్ అనే కంటిచుక్కల మందునే పైన రాయిస్తారు. మిగిలిపోయిన ఎరుపుకి తర్వాత లేజర్ ఉంది.

మాత్ర ఇంట్లో ఉందిగా అని ఎవరూ పసిపిల్లకి వెయ్యొద్దు. మా పాపకి ముందు గుండె పరీక్ష చేశారు, బరువును బట్టి మోతాదు లెక్కగట్టారు, బరువు పెరిగినప్పుడల్లా మార్చారు. పాలు తాగిన వెంటనే ఇవ్వాలి. పాలు తాగకపోయినా, వాంతులవుతున్నా ఆ పూటకి ఆపి డాక్టరుకి ఫోన్ చెయ్యాలి, ఎందుకంటే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఆయాసం, పిల్లికూతలు ఉన్న పిల్లలకి ఈ మందు పడదు. మా మరదలు గోడ మీద క్యాలెండర్‌లో ప్రతి పూటా టిక్కు పెట్టేది.

ఇప్పుడు మన పద్ధతుల సంగతి. పురుడు పుట్టింట్లో పోసుకుని, మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తవారింటికి పంపడం మన వైపు ఆనవాయితీ. అంటే ఈ మచ్చ వేగంగా పెరిగే కాలమంతా పాప అమ్మమ్మ చేతిలోనే ఉంటుంది. కాళ్లు చాపుకుని, పాపని వాటి మీద పడుకోబెట్టి నూనె రాసి నీళ్లు పోసే ఆ చేతులే దాన్ని ముందు చూస్తాయి. నేను నమ్మకంగా చెప్తున్నాను, ఆ అమ్మమ్మకి విషయం తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మనలో ఎంతమందికి అమ్మలు పురుడు పొయ్యడానికి అమలాపురం నుంచి, భీమవరం నుంచి ఇక్కడికి రావడం లేదు! వాళ్లకీ చెప్పాలి: మచ్చ మీద సున్నిపిండితో రుద్దకండి, పసర్లు పుయ్యకండి, వాతలు పెట్టించకండి. గీరుకుని రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో మెత్తగా నొక్కి పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

తల్లిని నిందించడం కూడా ఆపాలి. పెదవి చీలికకి మన భాషలో పేరే గ్రహణం మొర్రి. అంటే తప్పు కడుపుతో ఉన్న మనిషిదని పేరులోనే అనేశాం. మా మేనకోడల్ని కూడా అడిగారు, గ్రహణం నాడు బయటికొచ్చావా, కత్తిపీట ముట్టుకున్నావా అని. ఆ పిల్ల రాత్రిళ్లు ఏడ్చేది. పంచాంగం తిరగేసుకుని రోజులు లెక్కపెట్టుకునేది. తల్లి తిన్నదానికీ, చేసినదానికీ ఈ గడ్డకీ ఏ సంబంధమూ లేదు. డాక్టరు నోటి వెంట ఆ మాట విన్నాకే కుదుటపడింది.

ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం ఏటా మన ఊళ్లలో కంటి శిబిరాలు పెడుతోంది, బడులకి బెంచీలు ఇస్తోంది. ఈసారి ఇంకో చిన్న పని చేద్దాం. ఆస్పత్రిలో పురుడు అయితే 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి వస్తుంది: 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. ఈ మచ్చ కనిపించే రోజులు, పెరిగే రోజులు చాలావరకు ఇవే. ఆవిడ చేతిలో తెలుగులో ఒక్క కాగితం ఉంటే చాలు. నాలుగు ఫోటోలు, ఎక్కడ ఉంటే వెంటనే పంపాలో నాలుగు ముక్కలు. పాపకి నెల నిండేలోపే చూపించమని పెద్దక్షరాల్లో.

మా పాపకి ఇప్పుడు పద్నాలుగు నెలలు. రెప్ప మీద లేత గులాబీ నీడ మాత్రం ఉంది. రెండు కళ్లూ సమానంగా తెరుస్తోంది, కంటి డాక్టరు చూపు బాగుందన్నారు. కాగితానికి చిత్తుప్రతి నేను రాసి పెట్టాను. మన సంఘంలోని పిల్లల డాక్టర్లు ఒకసారి చదివి తప్పులు దిద్దిపెడితే సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు అచ్చు వేయించి తీసుకెళ్తాను. ముందు రాజోలు, సఖినేటిపల్లి వైపు పంచుతాను. పాలకొల్లు, నరసాపురం వైపు ఎవరు వెళ్తున్నారో చెప్పండి.