ముందున్న కారు మనదే

మా బావకు విజయనగరం గంటస్తంభం దగ్గర ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుంది. వారమంతా స్విచ్చులూ సీలింగ్ ఫ్యాన్లూ అమ్ముకుంటాడు. స్కూటర్ మీద నలభై దాటడు. ఎదర గేదె కనిపిస్తే హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడి, అది రోడ్డు దాటేదాకా ఆగుతాడు. అలాంటి మనిషి పందెం కారు తోలతాడంటే చుట్టాల్లో సగంమంది ఇప్పటికీ నమ్మరు. మిగతా సగం నమ్ముతారు గానీ, మా అక్కను చూసి జాలిపడతారు.

ఆ కారేమీ కొత్తది కాదు. మారుతి ఎస్టీమ్. ఆ మోడల్ తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. సెకండ్ హ్యాండ్‌లో కొని దాసన్నపేటలో ఒక మెకానిక్ షెడ్డులో పెట్టాడు. ముందు ఏసీ పీకించాడు. తర్వాత కార్పెట్, డోర్ల లోపలి అట్టలు, వెనక సీటు, చివరికి డ్రైవరు పక్క సీటు కూడా. బరువు తగ్గితే జోరు పెరుగుతుందని లెక్క. (పీకించిన సామాను బరువంతా బావ పొట్టలో సర్దుకుని మళ్ళీ కారెక్కుతుందన్న సంగతి ఆ లెక్కలో లేదు.) ఖాళీ అయినచోట ఇనప పైపులతో పంజరంలాంటిది ఒకటి వెల్డింగ్ చేయించాడు. రోల్ కేజ్ అంటారట. కారు పల్టీ కొట్టినా టాపు నలిగి నెత్తిన పడకుండా కాస్తుంది. సీటుకు ఆరు పట్టీల బెల్టు. అందులో బావను కట్టేయాలంటే ఇంకో మనిషి సాయం కావాలి.

అత్తయ్య ఓసారి షెడ్డుకొచ్చింది. కారు చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, లోపలికి తొంగి చూసింది.

"ఏటిరా, ఒక్క సీటే ఉంచినావు? పెళ్ళాన్ని ఎక్కడ కూకోబెడతావు?"

అక్క అక్కడేమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాట్లాడింది.

ఈ పందేలు జరిగేది శ్రీపెరుంబుదూరు దగ్గర, ఇరుంగాట్టుకోట్టైలో. పూర్వం షోళవరంలో పాత రన్‌వే మీద జరిగేవి. 1990 నుంచి ఈ ట్రాకు వాడుకలోకి వచ్చింది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. మనకు సుమారు ఎనిమిది వందల యాభై కిలోమీటర్ల దూరం. పందెం కారును రోడ్డు మీద తోలుకుపోకూడదు కాబట్టి, దాన్ని లారీకెక్కించి, పక్కన మెకానిక్కునూ ఒక జత టైర్లనూ వేసుకుని బావ గురువారం బయల్దేరతాడు. గెలిస్తే ఒక కప్పు ఇస్తారు. ఓడితే టైర్ల బిల్లు ఇస్తారు. గెలిచినా ఇస్తారు.

శనివారం కార్లను తనిఖీ చేస్తారు. హెల్మెట్ మీద స్టిక్కరు దగ్గర్నుంచి, బయటి నుంచి ఇంజన్ ఆపేసే స్విచ్చు దాకా అన్నీ చూస్తారు. ముఖ్యంగా కారులో దొర్లే వస్తువేదీ ఉండకూడదు. పోయి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుందంటే అంతే సంగతులు. అత్తయ్య సీటు కింద దాచిన నిమ్మకాయ అక్కడ బయటపడింది. తనిఖీ ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తి, "ఇదేమిటి?" అని అడిగాడట. బావకు అరవం రాదు, ఆయనకు తెలుగు రాదు, ఇంగ్లీషులో దిష్టి ఇద్దరికీ రాలేదు. ఈ సంగతి అమ్మకు చెప్పొద్దని బావ ఫోన్లోనే నాచేత ఒట్టేయించుకున్నాడు.

మధ్యాహ్నం క్వాలిఫయింగ్‌లో, అంటే పందెంలో ఎవరు ఎక్కణ్ణుంచి బయల్దేరాలో తేల్చే పోటీలో, పద్నాలుగు కార్లలో బావది పదమూడో స్థానం. పద్నాలుగో వాడి ఇంజన్ స్టార్టవలేదు.

ఇక ఆదివారం. పందెం నెట్‌లో లైవ్ వస్తుందని అక్క నోరు జారింది. భోజనాలవ్వగానే ముందుగదిలో వీధి వీధంతా చేరిపోయింది. జూట్ మిల్లులో రిటైరైన మావయ్య పడక్కుర్చీ టీవీకి ఎదురుగా లాక్కున్నాడు. నాకు అప్పగించిన పని కామెంటరీ. టీవీలో బొమ్మ, నా ఫోన్లో టైమింగ్. ప్రతి కారులోనూ ట్రాన్స్‌పాండర్ అని అగ్గిపెట్టెంత పెట్టె ఉంటుంది. ఫినిషింగ్ గీత దాటినప్పుడల్లా రోడ్డు కింద వేసిన తీగ దాన్ని పసిగడుతుంది. ఎవరు ఎన్ని చుట్లు తిరిగారో, ఎన్నో స్థానంలో ఉన్నారో సెకనులో వెయ్యో వంతుతో సహా చెబుతుంది. ఇంత కచ్చితమైన సమాచారం ఆ గదిలో నా ఒక్కడి దగ్గరే ఉంది. ఒక్కరూ అడగలేదు.

ఎర్ర లైట్లు ఆరాయి, కార్లు కదిలాయి. కెమెరా ఎప్పుడూ ముందున్న నలుగురైదుగురినే చూపిస్తుంది కాబట్టి బావ కనబడలేదు. రెండో చుట్టులో నా ఫోన్లో బావ పేరు అట్టడుక్కి జారిపోయింది. తర్వాత తెలిసింది. ఒక మలుపులో బ్రేకు ఆలస్యంగా తొక్కి, గిర్రున తిరిగి, వచ్చినవైపే మొహం పెట్టి ఆగాడట. అలా ఆగినవాడు మిగతావాళ్ళు వెళ్ళాకే ట్రాకెక్కాలి. బావ ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఎవరూ రావడం లేదని నిర్ధారించుకుని, ఇండికేటర్ వేసి మరీ ఎక్కాడని మెకానిక్ చెప్పాడు.

"మనోడేడిరా?" అన్నాడు మావయ్య.

"వస్తున్నాడు మావయ్యా, కొంచెం వెనకున్నాడు."

"వెనకుంటే ఏటి, ముందుకొస్తాడు."

మావయ్య మాటే నెగ్గింది. ఎనిమిదో చుట్టు, అంటే ఆఖరి చుట్టు చివర్లో, టీవీలో మెయిన్ స్ట్రెయిట్, అంటే ఫినిషింగ్ గీత ఉండే తిన్నటి రోడ్డు, కనబడింది. ముందు పసుప్పచ్చ ఎస్టీమ్. దాని వెనకే, తోక పట్టుకున్నంత దగ్గరగా, మొదటి నుంచీ పందేన్ని ఏలుతున్న ఎర్ర కారు.

"ఓలమ్మో! మనోడే ముందున్నాడు!" అని అత్తయ్య లేచి నిలబడింది. ఆ వెనకే గదంతా లేచింది.

ముందున్నాడన్నది నిజమే. కాకపోతే ఎర్ర కారు మొత్తం ట్రాకు చుట్టి వచ్చి, ఇంచుమించు ఒక చుట్టు వెనకబడ్డ బావను అందుకుంది. పక్కన నిలబడ్డవాళ్ళు బావకు నీలం జెండా ఊపుతున్నారు. 'వెనక నీకన్నా జోరుగా వచ్చేవాడున్నాడు, దారియ్యి' అని దానికి అర్థం.

"జెండాలు కూడా ఊపుతున్నార్రా మావాడికి!" అన్నాడు మావయ్య, గొంతు పూడిపోతూ.

నేను నోరు తెరిచాను. ఆ అరుపుల్లో నా మాట నాకే వినబడలేదు. పసుప్పచ్చ కారు గీత దాటింది. మరుక్షణంలో నలుపు తెలుపు గళ్ళ జెండా పైకి లేచింది. సరిగ్గా అక్కడే నెట్ ఆగిపోయింది. గెలుపు జెండా, దాని ముందు మా బావ కారు, ఫొటో కట్టించినట్టు టీవీలో అలా నిలిచిపోయాయి.

గళ్ళ జెండా ఊపేది మొదటి స్థానంలో ఉన్నవాడి కోసం. దానికన్నా ముందు గీత దాటినవాడికి పందెం అయిపోనట్టే. వాడు ఇంకో చుట్టు తిరిగి వచ్చి జెండా కింద నుంచి పోవాలి. అంటే కారు పొడవంత ముందున్న పాపానికి బావ మరో 3.7 కిలోమీటర్లు ఒంటరిగా తిరిగి, పద్నాలుగో స్థానంలో పందెం ముగించాడు. నా ఫోన్లో ఉంది. మావయ్యకు చూపించాను.

"ఇది పాత లిస్టురా, ఇంకా మార్చలేదు" అని ఆయన వీధిలోకి వెళ్ళిపోయాడు. అప్పటికే పక్కింటి కుర్రాళ్ళు నాగులచవితికి మిగిలిన టపాకాయలు అటక మీంచి దించుతున్నారు.

గంట తర్వాత బావ ఫోన్ కలిసింది. అక్క స్పీకర్ పెట్టింది.

"చివరిదాకా వచ్చేశానే! కారుకు చిన్న గీత కూడా పడలేదు!" అని అవతల బావ అరుస్తున్నాడు. ఇంతకుముందు ఏ పందెమూ ఆయన చివరిదాకా తోలలేదు. ఒకసారి రేడియేటర్, ఇంకోసారి గేర్‌బాక్స్. అంచేత ఆ సంతోషం నికార్సైనది. ఇక్కడ గదిలో దాని లెక్క వేరేగా ఉంది. అత్తయ్య చేతులు జోడించి, "ఆ నిమ్మకాయే కాసింది నాయినా" అంది. ఒట్టేసినవాణ్ణి, ఊరుకున్నాను.

సాయంత్రానికి ఫ్లెక్సీ తయారైంది. పది అడుగుల బై ఎనిమిది. బావ కారు ఫొటో చూపిస్తే, "ఇది మరీ డొక్కుగా ఉందండీ, కటౌట్‌కి ఆనదు" అని ఫ్లెక్సీ కుర్రాడు నెట్‌లోంచి ఒక ఫార్ములా వన్ కారు దించి, అందులో బావ తలకాయ అతికించాడు. ఆ ఫొటో పెళ్ళిలోది. బాసికం అలాగే ఉంది. కింద వార్డు పెద్దల ఫొటోలు, శుభాకాంక్షలు తెలుపువారు, మిత్రబృందం. పైన ఒక వాక్యం: 'విజ్జీ తర్వాత మన విజయనగరం కీర్తిని చాటిన క్రీడాకారుడు'. విజ్జీ అంటే 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్, మన మహారాజ్ కుమార్. ఆ మూడు టెస్టుల్లో ఆయన చేసిన పరుగులు మొత్తం 33, సిరీస్ కూడా పోయింది. రాసినవాడికి తెలిసి రాశాడో తెలియక రాశాడో గానీ, పోలిక దివ్యంగా కుదిరింది.

మర్నాడు బావ మెయిల్లో దిగాడు. కారు లారీ మీద వెనక వస్తోంది. ప్లాట్‌ఫారం మీద బ్యాండు మేళం, దండలు, నలభై యాభై మంది జనం. బావ హెల్మెట్ సంచీ భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఒక్క క్షణం చూశాడు. వెనక ఏ ఎమ్మెల్యేనో దిగుతున్నాడనుకుని, నీలం జెండా చూసినంత మర్యాదగా పక్కకు జరిగి దారిచ్చాడు. దండ గురి తప్పి, వెనక నిద్ర కళ్ళతో దిగుతున్న ముసలాయన మెడలో పడింది. ఆయన దాన్ని తీయలేదు. నమస్కారం పెట్టి, ఆ దండతోనే ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

రెండో దండ పడ్డాక బావ నా చెవి దగ్గరకు వంగాడు.

"ఏటిరా ఇదంతా? నేను ఎన్నోవాణ్ణో వీళ్ళకు చెప్పలేదా?"

"చెప్పనివ్వలేదు బావా."

ఇంతలో లోకల్ విలేకరి ఒకాయన ఫోన్ రికార్డింగ్ పెట్టి ముందుకొచ్చాడు. "సార్, మీ స్థానం?"

బావ అబద్ధం ఆడడు. కొట్లో కూడా ఆడడు, అందుకే అది అలా ఉంది. "పద్నాలుగండీ" అన్నాడు.

"అఖిల భారత స్థాయిలో పద్నాలుగా!" అని విలేకరి నోరు తెరిచాడు.

"రాసుకో, రాసుకో" అన్నాడు మావయ్య.

ఊరేగింపు గంటస్తంభం దాకా వచ్చి కొట్టు ముందు ఆగింది. బ్యాండు వాళ్ళ డబ్బులు, స్వీట్ల బాకీ, ఫ్లెక్సీ బిల్లు అక్కడే బావ చేతికొచ్చాయి. కూడితే పందెం ఎంట్రీ ఫీజును దాటింది. అక్క ఆ కాగితాలు లాక్కుని ఒక్కొక్కటే చదువుతోంటే, బావ ఫ్యాను రెక్కలు తుడుస్తూ కూర్చున్నాడు.

మావయ్య ఫ్లెక్సీ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు.

"ఒరే, నీ తరవాత పందెం ఎప్పుడు? ఈ అబ్బాయి ఇప్పుడే రెండోది కూడా కొట్టేస్తే సగం రేటుకే ఇస్తానంటన్నాడు. తేదీ ఒక్కటీ ఖాళీ వదిలేద్దామా?"