నిద్రపోయే బండికి గ్యాస్ కిట్: లెక్క ఎక్కడ తప్పుతోంది?

పాత ఓమ్నీనో ఈకోనో కొని, వెనక సీట్లు తీసేసి, ప్లైవుడ్ మంచం, చిన్న స్టవ్, నీళ్ల క్యాన్ సర్దుకుని మైపాడుకో కొత్తపట్నానికో సోమశిలకో ఇంటిల్లిపాదీ వెళ్లి రావాలన్న సరదా నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్లకు పట్టుకుంది. మంచి సరదానే. ఆ పనిలో చాలా భాగం ఎవరికి వాళ్లు చేసుకోవచ్చు కూడా. చిక్కంతా తర్వాత వచ్చే ఆలోచనతోనే: ‘పెట్రోలు తెగ తాగేస్తోంది, వీడియోలు చూసి బండిని గ్యాస్‌తో నడిపించే ఎల్పీజీ కిట్ కూడా మనమే బిగించేద్దాం.’ యూరప్‌లో ఇలాంటి పడక బండ్లు, అంటే క్యాంపర్ వ్యాన్లు, ఎల్పీజీ మీద నడవడం కొత్తేమీ కాదు. మరి ఇక్కడ వద్దని ఎందుకంటారని అడిగితే ఎక్కువమంది చట్టం పేరు చెబుతారు. నన్నడిగితే చట్టం దాకా వెళ్లక్కర్లేదు, అంతకుముందే లెక్క తప్పుతుంది.

ముందు డబ్బు సంగతి. లీటరు ఎల్పీజీలో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు పావు వంతు తక్కువ. పెట్రోలుతో లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే వ్యాన్ గ్యాస్‌తో 11 దగ్గర ఆగుతుంది. లీటరు పెట్రోలు 110 రూపాయలు, ఆటో ఎల్పీజీ (బండ్ల కోసం బంకుల్లో అమ్మే గ్యాస్) 60 రూపాయలు అనుకుందాం. కిలోమీటరుకు మిగిలేది రెండు రూపాయల నలభై పైసలు. కిట్టు, బిగింపు, ఆర్సీ పనులు అన్నీ కలిపి 36 వేలు అయ్యాయనుకుంటే ఆ సొమ్ము తిరిగి రావడానికి 15 వేల కిలోమీటర్లు తిరగాలి. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే ఆటోకి అది ఐదు నెలల పని. నెలకు 300 కిలోమీటర్లు తిరిగే క్యాంపర్‌కి నాలుగేళ్లు దాటుతుంది. ట్యాంకును ఐదేళ్లకోసారి పరీక్ష చేయించాలి కాబట్టి, పెట్టుబడి చేతికొచ్చే వేళకు ఆ ఖర్చు తయారుగా ఉంటుంది. ఎల్పీజీ రోజూ అరిగే బండికి గిట్టుబాటు. క్యాంపర్ వ్యాన్ ఎక్కువ రోజులు ఇంటిముందు నిలబడి ఉండే బండి.

(ట్రావెలర్, వింగర్ లాంటి డీజిల్ బండ్లున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. స్పార్క్ ప్లగ్ లేని ఇంజిన్‌లో గ్యాస్ దానంతటది సరిగా మండదు. డీజిల్‌తో కలిపి నడిపే పద్ధతులున్నా అవి ఇంటి దగ్గర చేసుకునే పనులు కావు.)

గిట్టుబాటు కాని లెక్కను గిట్టించడానికి మనవాళ్లు వెతికే దారి వంటగ్యాస్. బండిలో స్టవ్ కోసం సిలిండర్ ఎలాగూ ఉంటుంది. హైవే దిగి ఉదయగిరి వైపో పొదిలి వైపో వెళ్తే ఆటో ఎల్పీజీ బంకు దొరుకుతుందన్న భరోసా లేదు. దాంతో ఎర్ర సిలిండరే ఇంజిన్‌కీ దిక్కవుతుంది. ప్రమాదం అసలు మొదలయ్యేది ఇక్కడే. ఆటో ఎల్పీజీ ట్యాంకు నుంచి గ్యాస్ ద్రవంగానే బయటికి వస్తుంది. ఇంజిన్ వేడినీళ్లతో నడిచే రెడ్యూసర్ దాన్ని ఆవిరి చేస్తుంది. 14.2 కిలోల వంట సిలిండర్ నిటారుగా ఉన్నప్పుడు ఇచ్చేది ఆవిరి మాత్రమే, అదీ స్టవ్వుకు సరిపడా. ఇంజిన్ లాగే వేగానికి సిలిండర్ చల్లబడిపోయి ప్రెషర్ పడిపోతుంది. బండి గుంజుతోందని, ద్రవమే రావాలని సిలిండర్‌ని పడుకోబెట్టేవాళ్లు కొందరు, అందులోని గ్యాస్‌ని చిన్న మోటారుతో బండి ట్యాంకులోకి ఎక్కించేవాళ్లు కొందరు.

అలా ఎక్కించేటప్పుడు ఎంత నిండిందో చూసే నాథుడుండడు. ఆమోదం ఉన్న ట్యాంకులో 80 శాతం నిండగానే ఆపేసే వాల్వు ఉంటుంది. ఆ ఖాళీ ఊరికే వదిలింది కాదు, వేడికి ద్రవం ఉబ్బడానికి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మన దగ్గర ఆ రోజుల్లో పాదరసం 43, 44 డిగ్రీలు దాటడం అరుదు కాదు, ఎండలో నిలబెట్టిన బండి లోపల ఇంకా ఎక్కువ. రాత్రి చల్లటి పూట గొంతు దాకా నింపిన ట్యాంకు మధ్యాహ్నానికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇదంతా ఆటోకీ వర్తిస్తుంది కదా అనవచ్చు. ఆటోకి రెండు పక్కలా తలుపుల్లేవు, అందులో ఎవరూ రాత్రి నిద్రపోరు. ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుని పల్లంలో చేరుతుంది. గాలిలో రెండు శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. క్యాంపర్‌లో ఆ పల్లం మంచం కిందే. పెద్ద ట్యాంకు పెట్టడానికి వీలైన చోటూ అదే. వాల్వు చుట్టూ గాలి చొరబడని పెట్టె పెట్టి, దాని గొట్టం బండి కిందికి బయటికి దించాలి. కిట్ బిగించే మెకానిక్ దాన్ని సరిగ్గానే చేశాడనుకుందాం. నెల తర్వాత వడ్రంగి వచ్చి మంచం కింద సామాన్ల అర చేస్తూ ఆ గొట్టాన్ని పక్కకు తోసేస్తాడు, పైన రెక్సిన్ మ్యాట్ పరుస్తాడు. ఆయన తప్పు కాదు, అదేమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. సముద్రతీరంలో ఆగితే దోమలకు భయపడి అద్దాలన్నీ మూసేస్తాం. ఉప్పుగాలికి ఛాసిస్ కింద బోల్టులు, పైపు బిగింపులు తుప్పు పడతాయి. తెల్లారుజామున టీ పెట్టడానికి లైటర్ నొక్కేది కూడా ఆ మూసిన గదిలోనే. గ్యాస్‌కి వాసన కలుపుతారు, నిజమే. గాఢనిద్రలో ఉన్నవాళ్లు ఆ వాసనకు లేస్తారని నమ్మకం పెట్టుకోకూడదు.

చట్టం సంగతి క్లుప్తంగా. మన దేశంలో బండ్లకు ఎల్పీజీ వాడకానికి 2000లో అనుమతి వచ్చింది. ఆమోదం పొందిన కిట్టు, ఆమోదం పొందిన ట్యాంకు, అధీకృత బిగింపు, ఆర్సీలో ఎండార్స్‌మెంట్ (ఆ మార్పు నమోదు) తప్పనిసరి. అనుమతి లేకుండా బండి మార్చితే 2019 సవరణ తర్వాత ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా రెండూ. వంటగ్యాస్ బండికి వాడితే పౌరసరఫరాల వాళ్లు నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ (జప్తు) కేసు రాస్తారు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని కిట్ వల్ల క్లెయిమ్ పోతే జరిగే నష్టం ముందు ఈ జరిమానా చిన్నదే.

అయితే తప్పంతా కుర్రాళ్లదే అనడం నాకు ఇష్టం లేదు. కారవాన్లకు, అంటే ఇలాంటి పడక బండ్లకు, ఏఐఎస్-124 అని మన దేశపు వాహన ప్రమాణం ఉంది గానీ అది తయారీదారుల కోసం రాసింది. లక్షన్నరకు ఓమ్నీ కొన్నవాడు ఏ మార్పు చేయవచ్చో, ఏది కూడదో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర సూటిగా తెలుసుకునే దారి లేదు. మంచం, స్టవ్, సోలార్ ప్యానెల్ లాంటి చిన్న మార్పులకు ఒక్క పేజీ తెలుగు సూచనలు ఆర్టీవో ఆఫీసు గోడ మీద అంటించినా సగం మంది గ్యాస్ జోలికి పోరు. కార్ల షాపింగ్‌లో వంద ప్రశ్నలు అడిగేవాళ్లు, గ్యాస్ దగ్గర ఎవరినీ అడగకపోవడానికి కారణం కొంత భయమే: అడిగితే ఆర్సీ లాక్కుంటారేమోనని.

ఇంధనం ఖర్చే టెన్షన్ అయితే కంపెనీ బిగించి ఇచ్చిన సీఎన్జీ ఈకో సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవడం మేలు. సీఎన్జీ గాలి కంటే తేలిక, లీకైనా పైకి పోతుంది. సిలిండర్ చోటు తింటుంది కాబట్టి మంచం కాస్త ఎత్తవుతుంది, అంతే. స్టవ్ కోసం ఐదు కిలోల చిన్న సిలిండర్ చాలు. దాన్ని ఒక అరలో నిటారుగా కట్టి, ఆ అర కింది భాగంలో బండి బయటికి తెరుచుకునే రంధ్రం పెట్టించండి. గ్యాస్ అలారం కొంటే మాత్రం సీలింగ్‌కి కాదు, నేలకు జానెడు ఎత్తులో బిగించండి.