స్కాన్ గుర్తును కదపకండి

డబ్బు పంపే యాప్‌లు కొత్త డిజైన్లతో వస్తున్నాయని, ఇక అంతా సులువని ఒక వ్యాసంలో రాశారు. ఎవరికి సులువండీ?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దు ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా అమ్మ పుట్టిల్లు ఆంధ్రలోని పాతపట్నం, ఆవిడ చదవగలిగేది తెలుగొక్కటే. మా పిల్లలకేమో ఒడియా తప్ప తెలుగు అక్షరాలు రావు. ఫోన్ మాత్రం అందరికీ ఒకటే. భాష మార్చాలంటే సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపలికి వెళ్లాలి, అక్కడున్నదంతా ఇంగ్లీషే.

పోయిన నెల అప్‌డేట్ అయ్యాక అమ్మ కూరగాయలకు వెళ్లింది. రోజూ కింద మధ్యలో ఉండే స్కాన్ గుర్తు లేదు, ఆ చోట లోన్ ప్రకటన ఉంది. అలవాటుగా వేలు అక్కడే పెట్టింది. ఏవేవో వివరాలు అడగడం మొదలైంది. వెనక జనం, ఆవిడకు టెన్షన్. చివరికి ఫోన్‌ని కూరగాయలమ్మే అతని చేతికిచ్చి పిన్ కూడా చెప్పేసింది. అతను మంచివాడు కాబట్టి సరిపోయింది.

మంచి మార్పులు లేవనను. 2025 జూన్ 30 నుంచి యూపీఐలో డబ్బు పంపేముందు అవతలివాళ్ల పేరు బ్యాంకులో ఉన్నట్టే చూపించాలన్నారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి మనుషుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులు, అంటే ఒకరు ఇంకొకరిని యాప్‌లోనే డబ్బు పంపమని అడిగే సందేశాలు, ఆపించారు. డబ్బు వస్తుందనుకుని పిన్ కొట్టి ఎంతమంది పోగొట్టుకున్నారో! డిజైన్ అంటే నా దృష్టిలో అలాంటిది.

యాప్‌లు తయారుచేసేవాళ్లకు ఒక్క మాట: రంగులు మీ ఇష్టం. స్కాన్, బ్యాలెన్స్ గుర్తులు మాత్రం ఉన్నచోటే ఉంచండి. భాష మార్చే బటన్ మొదటి స్క్రీన్ మీదే, 'తెలుగు', 'ఒడియా' అని ఆయా లిపుల్లోనే పెట్టండి.