ఉందానగర్ మాకూ పనికొచ్చే స్టేషనే

ఉందానగర్ అంటే శంషాబాద్ చుట్టుపక్కల వాళ్ల లోకల్ స్టేషన్ అన్నట్టు మీ వ్యాసంలో రాశారు. కర్నూలు వాళ్లను మరిచిపోయారు సార్. మహబూబ్‌నగర్ మీదుగా కాచిగూడకు పోయే మా బండ్లు ఆ స్టేషన్ దాటే పోవాలి. అన్నీ ఆగవు, అదే మా బాధ.

ఈ వైపు ఎంఎంటీఎస్, అంటే హైదరాబాద్ లోకల్ రైలు, చాలా ఏళ్లు ఫలక్‌నుమా దగ్గరే ఆగిపోయింది. 2023 ఏప్రిల్‌లో ఉందానగర్ దాకా, అంటే ఇంకో 14 కిలోమీటర్లు పొడిగించారు. సంతోషమే. కానీ పోయిన సంక్రాంతి తర్వాత మా తమ్ముణ్ని విమానం ఎక్కించడానికి పోయినప్పుడు మా రైలు ఆగకుండా పోయింది. కిటికీలోంచి బోర్డు కనపడింది, పైన విమానం దిగుతా కనపడింది, మేము మాత్రం కాచిగూడ! అక్కడ ఒక చక్రం ఊడిన సూట్‌కేసు, గోంగూర పచ్చడి డబ్బా మోసుకుంటూ మెట్లెక్కి దిగి, లోకల్ పట్టుకుని వెనక్కి వచ్చినాం. వాడు గడియారం చూస్తుంటే నాకు టెన్షన్. తీరా ఉందానగర్‌లో దిగితే ఎయిర్‌పోర్టుకు రైలు లేదు, మళ్లీ ఆటో. ముగ్గురి లోకల్ టికెట్ల కన్నా ఆటోకే ఎక్కువైంది.

మహబూబ్‌నగర్ దాకా ఇప్పుడు డబుల్ లైనే కదా, రెండు నిమిషాలు ఆపితే ఏం పోతుంది? అక్కడి నుంచి డోన్ వరకు డబ్లింగ్‌కు కూడా 2023లోనే కేంద్రం ఒప్పుకుంది. అది పూర్తయ్యే దాకా ఎదురు బండి క్రాసింగ్ కోసం గద్వాల్లో పల్లీలు తింటూ కూర్చోవడం మాకు అలవాటే. ఈ హాల్టు సంగతి మీ తర్వాతి వ్యాసంలో ఒక్క ముక్క రాయండి.