బీపీడీయూ ఫిల్టర్ గారి దివ్యసముఖమునకు

స్విచ్‌లు లూప్‌ను కనిపెట్టడానికి ఒకదానికొకటి పంపుకునే బీపీడీయూ అనే కబుర్లను పోర్టు దగ్గరే ఆపేసే సెట్టింగ్, మహారాజశ్రీ బీపీడీయూ ఫిల్టర్ గారికి నమస్కారాలు. తమరు క్షేమమని తలుస్తాను. నిన్న మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగింటి దాకా ఇక్కడ మేమెవరమూ క్షేమంగా లేము.

సంగతి తమకు తెలిసిందే, జరిగింది తమ వాకిట్లోనే కదా. మీటింగ్ గదిలో ఒక కొస వేలాడుతున్న మీటరు పొడవు నీలం కేబుల్‌ను చూసి, పరిశుభ్రత గల మహానుభావుడెవరో ఆ కొసనూ పక్క సాకెట్‌లో గుచ్చి వెళ్లాడు. ఆయన్ని నేనేమీ అనను. రెండు కొసలూ గుచ్చితే లూప్ అవుతుందనీ, అందులో పడ్డ ఈథర్నెట్ ఫ్రేముకు, అంటే డేటా మూటకు, ఆయుర్దాయం లేక తిరుగుతూనే ఉంటుందనీ ఆయనకెలా తెలుస్తుంది? ర్యాకులో దీపాలన్నీ ఒకే తాళానికి కొట్టుకున్నాయి, ఫోన్లు మూగబోయాయి, నేను కన్సోల్ కేబుల్ పట్టుకుని నేలమీద చతికిలపడ్డాను.

అసలు కడుపుమంట అది కాదు. ఆ పోర్టు కాన్ఫిగరేషన్ తెరిస్తే, బీపీడీయూ వచ్చిన మరుక్షణం పోర్టును మూసేసే బీపీడీయూ గార్డ్ వరుస కనబడింది. గార్డ్ ఉన్నచోట లూప్ ఎందుకుంటుందని పై అంతస్తుకు పరుగెత్తాను. దాని పక్కనే తమరు కూర్చున్న సంగతి చూడలేదు. ఒకే పోర్టు మీద ఇద్దరూ ఉంటే చెల్లేది తమ మాటే. వచ్చిన బీపీడీయూను తమరు మింగేస్తారు, గార్డ్‌కు కబురే అందదు. కాపలాదారు నిలబడే ఉన్నాడు, కళ్లకు గంతలతో! మూడు అంతస్తులు తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాను.

తమరి నియామకం ఎలా జరిగిందో ఊహించగలను. ఎవరో బల్లకింద చిన్న స్విచ్ పెట్టారు, గార్డ్ పోర్టు మూసింది, నెట్ పోయిందని ఫోను వచ్చింది, ‘ప్రస్తుతానికి’ అంటూ ఒక వరుస చేరింది.

ఇక మర్యాద చాలు. 1985లో రాడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీని తయారుచేసింది స్విచ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని లూప్‌ను పట్టుకోవాలని. ఆ నోరు నొక్కడమే నీ ఉద్యోగం. సాయంత్రం నిన్ను పీకేశాను. పంతం పట్టి అదే నీలం కేబుల్‌ను మళ్లీ రెండు సాకెట్లలోనూ గుచ్చాను. క్షణాల్లో పోర్టు ఎర్ డిజేబుల్‌లోకి, అంటే తనంతట తానే మూతపడే స్థితిలోకి, పోయింది. ఆ నారింజరంగు దీపం ఎంత ముద్దొచ్చిందో!

ఈ ఉదయం మీటింగ్ గది నుంచి ఫోను: “నెట్ రావడం లేదండీ. ప్రస్తుతానికి ఏదో ఒకటి చేయండి.”

ఇట్లు,
ఆ పోర్టును ఇంకా తెరవని నెట్‌వర్క్ గుమాస్తా